సిరిమాను ఎక్కుతానన్న పిల్ల

ప్రశ్న: అమ్మగారూ, మాది విజయనగరం. మా పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. మా ఆయనకి కొట్టు ఉంది. మూసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదవుతుంది. పాప నాన్న వచ్చేదాకా కూర్చుని, ఆయనతో తిని, పదకొండుకి పడుకుంటుంది. పొద్దున్న ఆరున్నరకి లేపాలి, ఏడూ ముప్పావుకి వ్యాన్ వస్తుంది. ఆ గంటంబావూ ఇంట్లో యుద్ధమే. స్నానం వద్దు, ఇడ్లీ వద్దు, జడ వద్దు. ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది. మేడ మీద పిట్టగోడ ఎక్కుతుంది. వీధిలో మగపిల్లలతో పరిగెడుతుంది, గట్టిగా నవ్వుతుంది, ఇంటికొచ్చినవాళ్ళ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. మొన్న వాళ్ళ నానమ్మని "నీకేం తెలీదు" అనేసింది. మా అత్తగారు "ఆడగుంటకి ఇంత పెంకితనం ఏటమ్మా, రేపు ఒకింటికెల్లాల్సిన పిల్ల, మొక్కై వంగనిది మానై వంగునా" అని నన్నే అంటారు. మా ఆయన ఒకరోజు నవ్వి ఊరుకుంటారు, ఇంకోరోజు కేకలేస్తారు. స్కూల్లో టీచర్ మాత్రం "చురుకైన పిల్ల, కబుర్లు ఎక్కువ, అంతే" అంటారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి తీసుకెళ్తే, సిరిమాను అనే పొడవాటి మాను చివర అంత ఎత్తున కూర్చుని ఊరేగే పూజారిగారిని చూసి "నేనూ ఎక్కుతాను" అంది. ఆడపిల్లలు ఎక్కరని నానమ్మ చెప్తే "ఎందుకు?" అని మొదలుపెట్టింది. అంతలో చెయ్యి విదిలించుకుని జనంలోకి పరిగెత్తింది. పది నిమిషాలు కనపడలేదు. చివరికి ఏడుస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొస్తే, అందరి ముందూ కొట్టేశాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఇది హైపర్ యాక్టివ్ అంటారే, అదా? నా పెంపకంలో తప్పా?
ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు ఆ పది నిమిషాల గురించి మాట్లాడుకుందాం. మిగతావి మీ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నవే. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం అది.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా ఎంత జనం ఉంటారో చూసినదాన్ని. ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కదులుతుంటే పెద్దవాళ్ళకే పక్కన ఉన్న మనిషి కనపడరు. అందులో ఆరేళ్ళ పిల్ల చెయ్యి జారిపోతే తల్లి ప్రాణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మీ చెయ్యి లేచింది భయంతో. అయితే పాపకి ఆ సంగతి తెలీదు. తప్పిపోయి, ఏడ్చి, అమ్మ కనపడగానే పరిగెత్తుకొస్తే దెబ్బ పడింది. దానికి గుర్తుండేది ఇదే. మళ్ళీ ఎప్పుడైనా ఏదైనా జరిగితే, అమ్మ దగ్గరికి వెళ్ళాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ ఒక్క క్షణం దాని మనసులో మిగలకూడదు.

అందుకని ఇవాళే చెప్పండి. నేల మీద కూర్చోండి, దాని ముఖం మీ ముఖానికి ఎదురుగా ఉండాలి. "ఆ రోజు నువ్వు కనపడకపోతే చాలా భయం వేసింది. భయంలో కొట్టాను. కొట్టడం నా తప్పు. నువ్వు నా దగ్గరికి పరిగెత్తుకు రావడం మంచి పని." అంతే చెప్పి ఊరుకోండి. "నువ్వలా చెయ్యబట్టే కదా" అని చివర్లో తోక తగిలించకండి. తోక తగిలిస్తే పిల్లకి ఆ తోకే వినబడుతుంది. పెద్దవాళ్ళు పిల్లలకి క్షమాపణ చెప్తే చులకనైపోతారని మన వైపు గట్టి నమ్మకం. నేను ముప్పయ్యేళ్ళు శ్రీకాకుళం జిల్లాలో చిన్న తరగతులకి పాఠాలు చెప్పాను. నేను పొరబడ్డానని ఒప్పుకున్న రోజున తరగతి నా మాట ఇంకా బాగా విన్నది.

పరిగెత్తడం సంగతి ఇంకో రోజు, ఇంకోలా చూడాలి. ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఉత్సవాన్ని తలుచుకోండి. దాని ఎత్తుకి కనపడేవి నడుములూ వీపులే. సిరిమాను ఎక్కడుందో చూడాలని ముందుకి దూరింది. వాళ్ళ నాన్న భుజం మీద కూర్చోబెట్టుకుని ఉంటే అసలు దిగేదే కాదు. వచ్చే ఏడు అలా చెయ్యండి. ఈలోపు మీ ఫోన్ నంబర్‌ని పాటలా కంఠతా పట్టించండి, అన్నం తింటూ రోజూ ఒకసారి పాడించండి. జనంలోకి వెళ్ళేటప్పుడు నంబర్ రాసిన చీటీ జేబులో పెట్టండి. తప్పిపోతే ఎక్కడికీ పరిగెత్తకుండా ఉన్నచోటే నిలబడాలని, పోలీసుల్నో, పిల్లల్ని ఎత్తుకుని ఉన్న ఒక అమ్మనో అడగాలని ఇంట్లోనే ఆటలా ఆడించండి. మీరు పోలీసు అవ్వండి, అది తప్పిపోయిన పిల్ల అవుతుంది. పది సార్లు ఆడమన్నా ఆడుతుంది.

ఇక మిగతా ఉత్తరం. పాప మీద మీరు రాసిన ఫిర్యాదులన్నీ ఒక కాగితం మీద వేరుగా రాసుకుని చూశాను. పిట్టగోడ ఎక్కడం, జనంలోకి దూరడం ప్రాణంతో పని. నానమ్మని అన్న మాట ఒక పెద్ద మనిషిని నొప్పించింది. మరి గట్టిగా నవ్వడం, కాళ్ళు చాపడం, మగపిల్లలతో పరుగులు? వాటివల్ల ఎవరికి ఏం పోయిందో నాకు ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. చూసినవాళ్ళు ఏమనుకుంటారో అన్న బాధ ఒక్కటే కనపడింది. ఇంట్లో మాత్రం అన్నింటికీ ఒకే కేక పడుతున్నట్టుంది. "కాళ్ళు ముడుచుకో" అన్న గొంతూ "పిట్టగోడ దిగు" అన్న గొంతూ ఒకేలా ఉంటే, ఏ కేకకి నిజంగా ఆగాలో పిల్లకి ఎలా తెలుస్తుంది? పొద్దుట్నుంచి ఎన్నో "వద్దు"లు విన్న చెవి, అసలైన "వద్దు" వచ్చేసరికి మూసుకుపోతుంది.

కాళ్ళు చాపడం, నవ్వడం, పరుగులు వదిలేయండి. నిజంగా వదిలేయండి. ఇది తేలిగ్గా అనడం లేదు, దీని వెనక నా ఇంటి కథ ఉంది.

మా పెద్దమ్మాయి అచ్చం మీ పాపే. నేను టీచర్ని కాబట్టి నా కూతురు అణకువగా ఉండాలని నాకు పట్టుదల. మొక్కై వంగనిది మానై వంగునా అని నేనూ అనేదాన్ని. వంచాను. ఎనిమిదో ఏడు వచ్చేసరికి నలుగురూ మెచ్చుకునే పిల్ల అయింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల దించుకుని నిలబడేది. నేను గర్వపడ్డాను. అది ఏడో తరగతిలో ఉండగా పక్కింటి పిల్ల చెప్తే తెలిసింది. స్కూల్‌కి తీసుకెళ్ళే వ్యాన్‌లో సాయం చేసే మనిషి నెలల తరబడి రోజూ దీని జడ లాగి, బుగ్గ గిల్లి, పక్కన కూర్చోమని సతాయిస్తున్నాడట. వణికిపోతూ "నాకెందుకు చెప్పలేదే?" అని అడిగాను. "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని నువ్వే అన్నావు కదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది. ఆ వ్యాన్ మాన్పించాం, ఆ మనిషి మీద చెప్పాల్సినచోట చెప్పాం. ఇప్పుడు దానికి పెళ్ళై, పిల్లలున్నారు. అయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపులో దేవినట్టు ఉంటుంది.

మీ పాప "వద్దు" అన్నప్పుడల్లా మీకు విసుగొస్తుంది, రాకుండా ఉండదు. ఆ "వద్దు" దాని నోట్లో బతికి ఉండాలి.

ఇప్పుడు పొద్దున్న పూట. మీరు దీన్ని పెంకితనం లెక్కలో వేశారు గానీ, నాకు ఇందులో గడియారం లెక్క కనపడుతోంది. రాత్రి పదకొండుకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఏడున్నర గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. అంటే మీ పాప రోజూ కనీసం గంటన్నర నిద్ర అప్పుతో లేస్తోంది. నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళం మనం డీలా పడి కూర్చుంటాం. పిల్లలు చాలామంది దానికి తలకిందులు. ఇంకా ఎక్కువ పరిగెడతారు, ఊరికే ఏడుస్తారు, ప్రతిదానికీ పేచీ పెడతారు. పేచీ మొదలయ్యాక ఏం చెయ్యాలని మీరు అడుగుతున్నారు. దానికి మందు ముందురోజు రాత్రిలో ఉంది.

నాన్న కోసం మేలుకోవడం దాని మొండితనం అనుకోకండి. రోజంతా చూడని నాన్నని చూడాలి కదా. "నాన్న రాడు, పడుకో" అంటే ఇంకో యుద్ధం మొదలవుతుంది. నాన్న సమయాన్ని పొద్దుటికి మార్చండి. కొట్టు తొమ్మిదిన్నరకో పదికో తెరుస్తారనుకుంటాను. ఆ ఏడూ ముప్పావు లోపు పాప పనులన్నీ ఆయనవి. లేపడం, స్నానం, వ్యాన్ దాకా చెయ్యి పట్టుకుని నడిపించడం. ఆదివారం పొద్దున్నే పెద్దచెరువు వైపు ఇద్దరూ ఒక నడక వెళ్ళి రానీండి. నాన్న పొద్దున్న దొరుకుతాడని నమ్మకం కుదిరాక రాత్రి పేచీ తగ్గుతుంది. వారం పది రోజులు పట్టొచ్చు. ఏడున్నరకి అన్నం పెట్టేసి, ఎనిమిదిన్నర తర్వాత పాప పడుకునే గదిలో టీవీ, ఫోన్ లేకుండా చూడండి. మీ అత్తగారికి సీరియళ్ళు ఉంటే టీవీ వేరే గదిలోకి మార్చండి గానీ ఆవిడ సరదా ఆపించకండి. ఆవిడతో మనకి పనుంది, ఆ సంగతికి వస్తాను. పడుకునే వేళని పావుగంట పావుగంట తగ్గిస్తూ మొదట తొమ్మిదిన్నరకి, తర్వాత తొమ్మిదికి తీసుకురండి.

జడ సంగతి నాకు బాగా తెలుసు, ఇద్దరు ఆడపిల్లల తల్లిని. ఆరున్నరకి నిద్రమత్తులో ఉన్న పిల్ల చిక్కుజుట్టులో దువ్వెన దించితే ఎవరికైనా ఏడుపొస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు కాస్త నూనె రాసి, చిక్కు తీసి, వదులుగా జడ వేసి పడుకోబెట్టండి. పొద్దున్న పైపైన సవరించి రిబ్బన్లు కట్టడమే. ఏ చెవి పక్క ముందు కట్టాలో అది చెప్తుంది. చిన్న విషయం, కానీ చెప్పేది తనే అయితే తల కదపదు. ఇడ్లీ వద్దంటే పోట్లాడకండి. చోడి (రాగి) జావ బెల్లం వేసి ఒక గ్లాసు, లేదా ఒక అరటిపండు, రెండింట్లో ఏది కావాలో అడగండి. "ఏం తింటావు?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి దాని దగ్గర ఉన్న సమాధానం "ఏమీ వద్దు" ఒక్కటే.

అంగళ్ళ దగ్గర బొమ్మల పేచీ గురించి మీరు రాయలేదు, బహుశా అదీ ఉండే ఉంటుంది. ఇంట్లోంచి బయలుదేరే ముందే ఇవాళ కొంటామా కొనమా అన్నది చెప్పేయండి, గంటస్తంభం దగ్గరికి చేరాక మాట మార్చకండి. ఏడిస్తే పక్కనే నిలబడండి. ఏడుపు జోరులో ఉన్నప్పుడు చెప్పే మాట చెవికెక్కదు.

"నా పెంపకంలో తప్పా?" అని అడిగారు. పసిపిల్లలు పుడుతూనే ఒక తీరుతో పుడతారు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు న్యూయార్క్‌లో 1956లో మొదలుపెట్టి, వందమందికి పైగా పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా ఏళ్ళ తరబడి గమనించారు. కొందరు నెమ్మది, కొందరు కొత్తదానికి బెదురు, కొందరికి ప్రతిదీ గట్టిగానే. ఏడుపూ గట్టిది, నవ్వూ గట్టిది. ఈ తేడా నెలల పిల్లల్లోనే కనపడింది. ఇంకో సంగతి కూడా వాళ్ళు చెప్పారు. పిల్ల తీరు ఒక్కటే కష్టాలు తేదు. ఆ తీరుకీ ఇంట్లోవాళ్ళు దాని నుంచి కోరేదానికీ పొంతన కుదరకపోతే కష్టాలు వస్తాయి. కాబట్టి మీ అత్తగారు మిమ్మల్ని నిందించాల్సింది లేదు, మీరు పాపని నిందించాల్సిందీ లేదు. పొంతన కుదిర్చే పని మాత్రం పెద్దవాళ్ళదే. మీరూ మీ ఆయనా ఒక పూట కూర్చుని మూడే మూడు నియమాలు పెట్టుకోండి: పిట్టగోడ ఎక్కకూడదు, రోడ్డు మీద చెయ్యి వదలకూడదు, మనుషుల్ని చేత్తో గానీ మాటతో గానీ నొప్పించకూడదు. ఆ మూడింటికీ ఇద్దరి మాటా ఒకటే ఉండాలి, ఏ రోజైనా ఒకేలా ఉండాలి. ఆయన ఇవాళ నవ్వి రేపు కేకలేస్తే, ఇవాళ ఏ నాన్న వచ్చాడో పిల్ల ప్రతి రోజూ పరీక్షించి చూడాల్సి వస్తుంది. మేడ తలుపుకి గొళ్ళెం పైన పెట్టించండి. అది మాటలతో తేలే పని కాదు.

హైపర్ యాక్టివ్ అన్న మాట ఈమధ్య అందరి నోటా తేలిగ్గా వస్తోంది. అలా నిర్ధారించాలంటే ఆ లక్షణాలు ఆరు నెలలకి తగ్గకుండా ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా స్కూల్లో కూడా కనపడాలి, పిల్ల చదువుకో స్నేహాలకో అడ్డు రావాలి. మీ టీచర్ చెప్పిన మాట దానికి పొసగదు. నిద్ర సరిచేసి రెండు మూడు నెలలు చూడండి. అప్పటికీ మీకు అనుమానంగా ఉంటే, లేదా స్కూల్ నుంచి కూడా ఫిర్యాదులు మొదలైతే, పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఊరివాళ్ళ మాటల మీద పేరు పెట్టకండి.

వీధిలో పరుగులంటారా, ఆ వయసు పిల్లలకి రోజుకి కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీ పాప ఆ పని సొంతంగా చేసుకుంటోంది. అత్తగారు అభ్యంతరం చెప్తే మన వైపు సంగతులే చెప్పండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మీ ఊరికి దగ్గర్లోని కొండవెలగాడ నుంచి మత్స సంతోషి అదే ఆటలో 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ ఇళ్ళలో కూడా "ఆడపిల్లకి ఇనుము ఎత్తడమేంటి" అన్న చుట్టాలు ఉండే ఉంటారు. మీ పాప బరువులెత్తాలని కాదు నేననేది. ఒంట్లో అంత ఊపు ఉన్న పిల్లకి సాయంత్రం గంటసేపు దాన్ని ఖర్చు పెట్టే చోటు కావాలి. తొక్కుడు బిళ్ళ అయినా సరే, ఏడు పెంకులాట అయినా సరే. పాలూ ఏదైనా తినేదీ ఇచ్చి వదిలితే, ఎనిమిదిన్నరకి దానికదే కళ్ళు మూతలు పడతాయి.

ఇక నానమ్మ. "నీకేం తెలీదు" అన్న మాట ఊరికే వదలొద్దు. దానికి దెబ్బ అక్కర్లేదు, కేకా అక్కర్లేదు. "ఎందుకు అని ఎన్నిసార్లయినా అడుగు. నీకేం తెలీదు అని మాత్రం ఎవర్నీ అనకు, నానమ్మకి ఏడుపొస్తుంది" అని ఆవిడ ఎదురుగానే చెప్పండి. ప్రశ్నకీ అవమానానికీ తేడా ఆరేళ్ళ పిల్లకి అర్థమవుతుంది, ఎవరో ఒకరు విడదీసి చూపించాలి. మీ అత్తగారికి కూడా అందులో మీరు ఆవిడ పక్కన నిలబడ్డ సంగతి తెలుస్తుంది. ఆ మాట పడ్డ మనిషి ఆవిడే కదా.

"ఒకింటికెల్లాల్సిన పిల్ల" అంటున్నారంటే, ఆవిడ వెళ్ళిన ఇంట్లో ఆవిడకి ఏం జరిగిందో ఎవరూ అడిగి ఉండరు. ఏ వయసులో పెళ్ళి చేశారో, గట్టిగా నవ్వితే ఎవరేమన్నారో. మీరు అడగండి. మధ్యాహ్నం పనయ్యాక, పాప లేనప్పుడు. జవాబు చెప్పించుకోవాలని కాదు, వినడానికే. ఆ తర్వాత రాత్రి ఎనిమిదిన్నరకి పాపని ఆవిడ పక్కలో పడుకోబెట్టి, "నానమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏ చెట్టెక్కావు?" అని పాపచేత అడిగించండి. మన పల్లెల్లో పెరిగిన ఆ తరం ఆడపిల్లల్లో జీడిచెట్టో మామిడిచెట్టో ఎక్కనివాళ్ళని నేనింతవరకూ చూడలేదు. టీవీ గురించి ఇందాక అన్నది ఇందుకే. నిద్రపుచ్చే పని ఆవిడ చేతికి వస్తే సీరియల్ ఆవిడే ఆపుకుంటారు.

చివరిగా, సిరిమాను ఎక్కుతానన్న మాట. దాని "ఎందుకు"కి ఆ రోజు మీ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు, జనంలో చెప్పే వీలూ లేదు. ఇప్పుడు వీలుంది. ఉత్సవం అయిపోయింది, గుడి ఖాళీగా ఉంటుంది. ఏదో ఒక మామూలు రోజు పొద్దున్నే పాపని తీసుకుని పైడితల్లమ్మ గుడికి వెళ్ళండి. మీ అత్తగారిని కూడా రమ్మనండి. దర్శనం అయ్యాక, పూజారిగారికి తీరిక ఉంటే, పాపనే అడగనీండి. అంత ఎత్తున కూర్చుంటే భయం వెయ్యదా? కిందికి చూస్తే మేమందరం ఎలా కనపడతాం? నన్నెందుకు ఎక్కించరు? ఎలా మాట్లాడాలో ఇంట్లోనే ముందు చెప్పి తీసుకెళ్ళండి, "అండీ" అనమని. ప్రశ్నలు మాత్రం దానివే, మీరు సరిదిద్దకండి. ఆయన ఏం చెప్పారో నాకూ రాయండి.